మలుపులో భయం

షోరూమ్ వాళ్ళిచ్చే టెస్ట్ రైడ్‌లో స్పోర్ట్స్ బైకు గురించి తెలిసేది తక్కువ. లైసెన్సు చూసి, ఓ కాగితం మీద సంతకం తీసుకుని, సేల్స్ కుర్రాడు తాళం చేతిలో పెడతాడు. సర్వీసు రోడ్డు మీద రెండు మూడు కిలోమీటర్లు, మధ్యలో స్పీడ్ బ్రేకర్లు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ఆటో, చివర ఒక యూటర్న్. ఆ కాసేపట్లో సీటు ఎత్తు తెలుస్తుంది. కిందికి ఉండే క్లిప్-ఆన్ హ్యాండిళ్ళ మీద ఒళ్ళు ఆనితే మణికట్లకు ఎలా ఉంటుందో తెలుస్తుంది. వేసవి అయితే సిగ్నల్ దగ్గర ఫ్యాన్ తిరగడం మొదలై ఇంజను వేడి తొడలకు కొట్టడం కూడా తెలుస్తుంది. కొనబోయేవాడికి ఇవన్నీ పనికొచ్చే సంగతులే. కానీ ఆ బండిని ఏ పనికోసం తయారుచేశారో ఆ పని, అంటే మలుపు తిరగడం, ఆ దారిలో ఎక్కడా ఉండదు.

అయినా టెస్ట్ రైడ్ అంటే నాకు ఇప్పటికీ పండగే. కొత్త బండి ఊళ్ళోకి వచ్చిందంటే వెళ్ళి నడిపి చూడాల్సిందే. 2008లో యమహా ఆర్15 వచ్చినప్పుడు 150 సీసీ బండికి అంత గట్టి ఫ్రేము, లిక్విడ్ కూలింగు ఉండటం మనకు కొత్త. ఆ యూటర్న్‌లో కూడా ఆ బండి ఇంకొంచెం వంచమని అడుగుతున్నట్టే ఉండేది. కేటీఎం ఆర్‌సీ 390ది ఒకే సిలిండరు. కింది ఆర్‌పీఎంలో గింజుకుంటుంది, సగం దాటాక ఒక్క ఉదుటున లాగుతుంది. టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310లో సిలిండరును వెనక్కి వాల్చి, గాలి ముందు నుంచి పీల్చి పొగ వెనక నుంచి వదిలేలా అమర్చారు. బరువు చక్రాల మధ్య ఎక్కడ కూర్చుందో నడిపేవాడి నడుముకు తెలుస్తుంది. ఏప్రిలియా ఆర్‌ఎస్ 457 రెండు సిలిండర్ల బండి, దాని గొంతు వేరు. ఇలా ఒక్కో బండికీ ఒక్కో స్వభావం. వాటి గురించి గంటలకొద్దీ మాట్లాడుకునే స్నేహితులు దొరకడం నా అదృష్టమనే అనుకుంటాను.

పెద్ద బండ్ల సంగతి వేరు. కవాసాకి జెడ్‌ఎక్స్-10ఆర్ 998 సీసీ, దాదాపు 200 హార్స్‌పవర్. మన దేశంలో నాలుగు వరసల హైవే మీద మోటారుసైకిలుకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఆ బండి మొదటి గేరులోనే ఆ హద్దు దాటిపోతుంది. మరి మిగతా అయిదు గేర్లు ఎక్కడ వాడాలి? నిజాయితీగా ఆలోచిస్తే జవాబు ఒక్కటే: రేస్ ట్రాక్ మీద. ఆ జవాబే నన్ను అక్కడిదాకా తీసుకెళ్ళింది. అక్కడ బండి గురించి ఎంత తెలిసిందో, భయం గురించి అంతకన్నా ఎక్కువ తెలిసింది.

భయం మనకు ఒకేసారి రెండు మాటలు చెబుతుంది. ముందు ప్రమాదం ఉందని చెబుతుంది. ఆ మాట దాదాపు ఎప్పుడూ నిజమే. దాన్ని తప్పించుకోవాలంటే వెంటనే ఇలా చెయ్యమని రెండో మాట చెబుతుంది. బండి మీద ఉన్నప్పుడు ఆ రెండో మాట దాదాపు ఎప్పుడూ తప్పు. ఈ రెండూ ఒకే గొంతుతో, ఒకే క్షణంలో వినిపిస్తాయి కాబట్టి మొదటిదాన్ని నమ్మినవాడు రెండోదాన్నీ నమ్మేస్తాడు. వాటిని విడదీసి వినడం ఎలాగో నేర్పే చోటు నాకు తెలిసినంతలో రేస్ ట్రాకే.

ట్రాక్ చూడనివాళ్ళకు కూడా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. మన ఊళ్ళలో బండి నేర్పే ప్రతివాళ్ళూ మొట్టమొదట చెప్పే మాట, "ముందు బ్రేకు పట్టుకోకురా, ఎగిరి పడతావ్" అని. ఆర్‌ఎక్స్ 100 మీద నాకు నేర్పిన మా బాబాయీ అదే చెప్పాడు. ఆ మాటలోని భయం ఉత్తది కాదు. ఇసుక మీదో, పేడ మీదో, హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి ఉన్నప్పుడో ముందు బ్రేకును ఒక్కసారిగా పిడికిలి బిగించి లాగితే చక్రం పట్టేస్తుంది, మనిషి కింద పడతాడు. అలా పడ్డవాళ్ళను కళ్ళారా చూసే పెద్దవాళ్ళు ఆ జాగ్రత్త చెప్పారు. కానీ వాళ్ళు చూపించిన ఉపాయం, ముందు బ్రేకును అసలు ముట్టుకోకపోవడం, ప్రాణాల మీదికి తెచ్చేది. బ్రేకు వేస్తే బరువు ముందు చక్రం మీదికి దిగుతుంది. వెనక చక్రం తేలికవుతుంది, తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు. గట్టిగా ఆపేటప్పుడు బండిని ఆపే శక్తిలో ముప్పాతిక వంతు దాకా ముందు చక్రానిదే. 80 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద, రెండు బ్రేకులూ బాగా వాడగలిగినవాడు ముప్పై మీటర్ల పైచిలుకులో ఆగుతాడు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కేవాడికి అంతకు రెట్టింపు దూరం కూడా చాలదు. ఆ మిగతా ముప్పై మీటర్లలోనే ఆగిన లారీ ఉంటుంది, రోడ్డు దాటుతున్న ముసలామె ఉంటుంది.

నేర్చుకోవాల్సింది ముందు బ్రేకును పిండటం. రెండు వేళ్ళతో మొదట మెత్తగా, బరువు ముందుకు దిగి ఫోర్కు కుంగినట్టు అరచేతికి తెలిశాక గట్టిగా. ఇది చదివితే వచ్చేది కాదు. ఖాళీ చోట పదే పదే చేస్తేనే వేళ్ళకు వస్తుంది. మన లైసెన్సు పరీక్షలో ఎనిమిది ఆకారంలో నడిపించి చూస్తారు, నెమ్మదిగా వెళ్తూ కాలు కింద పెట్టకపోతే పాసు. ఉన్నట్టుండి ఆపమని ఎవరూ అడగరు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మంచి పని. కానీ చక్రం పట్టెయ్యకుండా అది కాపాడేది బ్రేకు నొక్కినవాడినే. ముందు బ్రేకును ముట్టుకోవద్దని చిన్నప్పుడే నేర్చుకున్న చేతికి అదేం సాయం చేస్తుంది?

హైదరాబాద్‌లో ఉండే మాకు చాలాకాలంగా అందుబాటులో ఉన్న పెద్ద ట్రాక్ చెన్నైదే. నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, అద్దంకి మీదుగా వెళ్ళి జాతీయ రహదారి ఎక్కితే ఒంగోలు, నెల్లూరు, సూళ్ళూరుపేట, తడ. మనవాళ్ళు చెన్నైలోకి వెళ్ళే ఆ దారిలోనే షోళవరం తగులుతుంది. ఇప్పుడున్న ట్రాక్ కట్టకముందు మద్రాసు రేసులు అక్కడి పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. ఇప్పటి ట్రాక్ నగరానికి పడమటి వైపు, రామానుజాచార్యులు పుట్టిన శ్రీపెరుంబుదూరు దగ్గర, ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దాన్ని నడుపుతోంది. చుట్టు కొలత దాదాపు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. మలుపులకు పేర్లు లేవు, సీ1, సీ2 అని అంకెలతో పిలుస్తారు.

ట్రాక్‌లోకి దిగే ముందు బండికి కొన్ని పనులు చెయ్యాలి. పడినప్పుడు గాజు ముక్కలు చెల్లాచెదురు కాకుండా హెడ్‌లైటుకు, ఇండికేటర్లకు టేపు అంటిస్తారు. టైర్లలో గాలి కొంత తగ్గిస్తారు. అద్దాలు రెండూ విప్పేస్తారు. మిగతావన్నీ అర్థమయ్యాయి కానీ, ఆ అద్దాలు విప్పడం గురించి నేను చాలాకాలం ఆలోచించాను.

హైదరాబాద్ రోడ్డు మీద బండి నడిపేవాడి బుర్రలో సగం వెనకే ఉంటుంది. వెనక హారన్ కొడుతున్నదెవరు, ఎడమవైపు నుంచి దూరబోతున్నదెవరు, బస్సు ఎంత దగ్గరికొచ్చింది. ట్రాక్ మీద ఈ లెక్కను ఒకే నియమంతో తీసేస్తారు. దాటి వెళ్ళేవాడిదే బాధ్యత. ముందున్నవాడు తన దారిలో తను నిలకడగా వెళ్తే చాలు, వెనక్కి తిరిగి చూడకూడదు కూడా. తిరిగి చూస్తే భుజం కదులుతుంది, భుజం కదిలితే బండి కదులుతుంది, వెనకవాడు వేసుకున్న అంచనా తప్పుతుంది. నాకన్నా వేగంగా వచ్చేవాడికి నేను చెయ్యగల గొప్ప సాయం నా గీత నేను తప్పకపోవడం. ఇది విన్న మొదటి క్షణంలో స్వార్థంలా అనిపిస్తుంది. అద్దాల్లేని బండి మీద కాసేపు నడిపాక అందులో ఎంత పరస్పర విశ్వాసం ఉందో తెలుస్తుంది. ముందున్నవాడు వెనకవాడిని నమ్మి వీపు అప్పజెబుతాడు. వెనకవాడు ముందున్నవాడి నిలకడను నమ్మి పక్కనుంచి దాటుతాడు. పేరు కూడా తెలియని మనుషుల మధ్య అంత నమ్మకం మన రోడ్ల మీద ఎప్పుడైనా చూశామా?

ఇక మలుపు. మెయిన్ స్ట్రెయిట్ అనే పొడవాటి తిన్నని దారి చివర సీ1 వస్తుంది. ఈ ట్రాక్‌లో వేగంగా తిరగాల్సిన మలుపుల్లో అదొకటి. వంద కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. తారు ఎక్కడ ముగుస్తుందో, గడ్డి ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా కనబడుతూ ఉంటుంది. అప్పుడు ఒంట్లో జరిగేది ఎవరికైనా ఒకటే. కుడిచేయి తనంతట తను థ్రాటిల్ మూసేస్తుంది. మోచేతులు బిగుసుకుంటాయి. చూపు బయటి అంచుకు అతుక్కుపోతుంది. వేళ్ళు బ్రేకు కోసం వెతుకుతాయి. అమెరికాలో 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ మొదలుపెట్టిన కీత్ కోడ్ తన పుస్తకాల్లో ఈ చర్యలన్నిటినీ వరసగా పరిశీలించాడు. ప్రాణం కాపాడుకోవడానికి శరీరం చేసే పనులే ఇవన్నీ. వీటిలో ప్రతి ఒక్కటీ మనిషిని ఆ గడ్డిలోకే తీసుకెళ్తుంది.

ఎలాగంటే, మలుపు మధ్యలో థ్రాటిల్ మూస్తే బరువు ముందు టైరు మీద పడుతుంది. ముందు టైరు సన్నం, వెనకది వెడల్పు. బండి కుదురుగా తిరగాలంటే బరువు కూడా ఆ లెక్కనే పంచుకోవాలి, ముందు 40 వంతులు, వెనక 60 వంతులు. థ్రాటిల్ మెల్లగా, ఆపకుండా తెరుస్తూ పోతేనే ఆ పంపకం కుదురుతుంది. మూస్తే బండి గీత వదిలి బయటికి జరుగుతుంది. చేతులు బిగిస్తే హ్యాండిల్ స్వేచ్ఛగా కదలలేదు, గతుకు తగిలినప్పుడు తనంతట తను సర్దుకోవాల్సిన ముందు చక్రం సర్దుకోలేదు. వంగి ఉన్నప్పుడు ముందు బ్రేకు లాగితే బండి నిటారుగా లేవజూస్తుంది, నిటారుగా లేచిన బండి తిన్నగా పోతుంది. తిన్నగా పోతే గడ్డే కదా.

ఇంకో సంగతి లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 50 మీటర్ల వ్యాసార్థమున్న మలుపును బండి 45 డిగ్రీలు వంచి తిరిగితే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తిరగవచ్చు. మంచి టైర్లున్న స్పోర్ట్స్ బైకు పొడి ట్రాక్ మీద ఆ వంపును మోస్తుంది. మోటోజీపీ రేసర్లు 60 డిగ్రీలు దాటిస్తారు. అదే మలుపులో 25 డిగ్రీల వంపుతో వెళ్ళేవాడి వేగం 54 కిలోమీటర్లు. మామూలు మనిషికి 25 డిగ్రీల దగ్గరే ఇక చాలు, పడిపోతాను అనిపిస్తుంది. అంటే భయం ఆపమని అరిచే చోటికీ, టైరు నిజంగా జారే చోటికీ మధ్య చాలా చోటుంది. మలుపు తప్పి గడ్డిలోకి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఆ చోటును వాడుకోకుండానే వెళ్తారు. బండి ఇంకా తిరగగలదు, మనిషే తిరగడం ఆపేస్తాడు. సెషన్ అయ్యాక వాళ్ళ టైరు చూస్తే తెలిసిపోతుంది. మధ్యలో రబ్బరు కరిగి గరుకుగా, చిన్న చిన్న ఉండలు కట్టి ఉంటుంది. రెండంచులా వేలెడు వెడల్పున కొత్త రబ్బరు నిగనిగలాడుతూ, కంపెనీ నుంచి వచ్చిన సన్నటి వెంట్రుకలతో సహా అలాగే ఉంటుంది.

ఒక ఉదయం ట్రాక్ మీద శిక్షణ తరగతిలో నా ముందున్న కుర్రాడు అలా వెళ్ళడం దగ్గరనుంచి చూశాను. వేగం ఎక్కువేం కాదు, అంతకుముందు తిరిగిన వేగమే. ఏదో అనుమానం వచ్చి ఒక్క క్షణం థ్రాటిల్ వదిలాడు. ఆ తర్వాత అతని హెల్మెట్ తిరిగిన దిక్కే నాకు కళ్ళకు కట్టినట్టుంది. మలుపు లోపలికి తిరగాల్సిన తల బయటి గడ్డివైపు తిరిగి, అక్కడే నిలిచిపోయింది. బండి ఆ తల వెనకే వెళ్ళింది. గడ్డిలో కొంతదూరం తడబడుతూ పోయి మెల్లగా పక్కకు ఒరిగింది. దెబ్బలేం తగల్లేదు. ట్రాక్ పక్కన బండ్లు ఆపే పిట్‌లోకి వచ్చాక మా శిక్షకుడు, చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగాయన, అతని భుజం మీద చెయ్యి వేసి, "తమ్ముడూ, నువ్వెక్కడ చూస్తే బండి అక్కడికే పోద్ది. గడ్డిని చూశావు, గడ్డిలోకి పోయింది. దానిదేం తప్పు లేదు" అన్నాడు. రెండో ప్రపంచయుద్ధం కాలంలో లక్ష్యాన్నే తదేకంగా చూస్తూ దాన్ని ఢీకొట్టిన విమాన పైలట్ల విషయంలో గమనించిందీ ఇదే. దేన్ని తప్పించుకోవాలనుకుంటామో దాన్నే చూస్తాం, చూసినదానివైపే వెళ్తాం.

చిన్నప్పుడు మనకు ఏకాగ్రత గురించి చెప్పే కథ అర్జునుడిది. చెట్టు కనబడలేదు, కొమ్మ కనబడలేదు, పక్షి కన్ను ఒక్కటే కనబడింది. విలువిద్యకు అది సరిపోతుందేమో. మలుపులో అలాంటి చూపు మనిషిని పడేస్తుంది. ఒకే బిందువును చూసేవాడికి మలుపు ఆకారం తెలియదు, తన వేగం ఎంతో కూడా తెలియదు. వేగం తెలిసేది చూపు అంచుల్లో కదిలే వాటివల్లే. చూపును విశాలంగా ఉంచి, దాని లోపల ధ్యాసను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుకుంటూ పోవాలి. బ్రేకు వేసే గుర్తు, బండి వంచే చోటు, మలుపు లోపలి అంచును తాకే చోటు, బయటికి వెళ్ళే దారి. ఒకదాన్ని చేరేలోపే చూపు తర్వాతిదానికి వెళ్ళిపోవాలి.

దీనికి మన దగ్గర సరైన పోలిక అవధానం. అష్టావధానంలో ఒక్క మనిషి చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి అడిగేవారు అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు. మధ్యలో గంట మోగుతూ ఉంటుంది, అవి ఎన్ని గంటలో లెక్క ఉండాలి. ఇన్నిటి మధ్యా పద్యం తప్పకూడదు. చివర అన్నీ ధారణ చెయ్యాలి. ట్రాక్ మీద నడిపేవాడి పనీ ఇంతే. కుడిచెయ్యి థ్రాటిల్ లెక్క చూస్తుంది, మోకాళ్ళు ట్యాంకును పట్టుకుని ఒంటి బరువు మోస్తాయి, చేతులు తేలిగ్గా ఉండాలి, నడుము వెనక టైరు జారుతోందేమో వింటుంది, చూపు దారి పట్టుకుంటుంది, పక్కనుంచి ఇంకొకడు దాటుతుంటాడు, మార్షల్ చేతిలో పసుపు జెండా లేస్తే అదీ చూడాలి. కీత్ కోడ్ తన 1983 పుస్తకంలో ధ్యాసను పది డాలర్ల డబ్బుతో పోల్చాడు. కొత్త పనికి దాదాపు అంతా ఖర్చయిపోతుంది, అలవాటైన పనికి చిల్లర చాలు. మిగిలిందే వేరేచోట పెట్టగలం.

అవధానంలో నన్ను బాగా ఆలోచింపజేసేది అప్రస్తుత ప్రసంగి. పద్యం సాగుతున్నప్పుడు మధ్యలో ఏదో సంబంధం లేని ప్రశ్న వేసి ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. మంచి అవధాని ఆయన్ని కసురుకోడు, వినబడనట్టు నటించడు. ఒక్క మాటలో జవాబు చెప్పి, ఆగినచోటి నుంచి పద్యం అందుకుంటాడు. మలుపులో భయంతో కూడా అలాగే ఉండాలని నేను నేర్చుకున్నాను. భయం లేనట్టు నటించేవాడు ట్రాక్ మీద ఎక్కువకాలం నిలవడు. భయంతో వాదించేవాడి ధ్యాసంతా ఆ వాదనకే పోతుంది. "అవును, ప్రమాదం ఉంది, చూశాను" అని ఒప్పుకుని, చూపును దారిమీదికి తిప్పుకోవాలి. చెయ్యి థ్రాటిల్ మూసెయ్యాలని చూస్తున్నప్పుడే దాన్ని పట్టి ఉంచి, మెల్లగా తెరవాలి. ఆ పని శరీరం ఒప్పుకోదు. మొదట్లో ఒప్పుకోని శరీరమే కొన్నాళ్ళకు అదే తన స్వభావమన్నట్టు చేస్తుంది. పుట్టుకతో వచ్చిన భయానికి అభ్యాసంతో కొత్త జవాబు నేర్పవచ్చన్న సంగతి మీద నాకు ఏ ప్రవచనంలో విన్నప్పటికన్నా ఇక్కడే గట్టిగా నమ్మకం కలిగింది.

వేడి ఆ ధ్యాసను తినేస్తుంది. చెన్నైలో మధ్యాహ్నం లెదర్ సూట్ వేసుకుని నడిపేటప్పుడు చెమటతో బాటు లెక్క కూడా జారిపోతుంది. ఉదయం బ్రేకు వేసిన గుర్తు దగ్గరే వేస్తున్నామనుకుంటాం, దాటిపోయి ఉంటాం. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో మోటోజీపీ జరిగినప్పుడు ఎండ కారణంగా రేసును 24 ల్యాప్‌ల నుంచి 21కి తగ్గించారు. మార్కో బెజెక్కి గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన హోర్హే మార్టిన్‌కు రేసు అవ్వగానే ఒంట్లో నీరు తగ్గి సొమ్మసిల్లినంత పనైంది. ప్రపంచంలో అందరికన్నా బలంగా తయారైన శరీరాల పరిస్థితే అది. అందుకే మధ్యాహ్నపు చివరి సెషన్ నేను చాలాసార్లు వదిలేస్తాను. డబ్బు కట్టాం కదా అని ఎక్కకూడదు.

ట్రాక్ ప్రమాదం లేని చోటని నేనెక్కడా అనను. 2023 ఆగస్టులో ఇదే చెన్నై ట్రాక్ మీద జాతీయ రేసులో బెంగళూరుకు చెందిన 13 ఏళ్ళ పిల్లవాడు పడి చనిపోయాడు. ఎంతో ప్రతిభావంతుడని అందరూ చెప్పుకున్న పిల్లవాడు. ఆ వార్త చదివాక కొంతకాలం నాకు బండి ముట్టుకోబుద్ధి కాలేదు. ఆ వయసు పిల్లలకు శిక్షణ ఇవ్వవచ్చు, గుంపుగా దూసుకెళ్ళే రేసులో మాత్రం దించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. వెనకవాడు ముందువాడిని చూసి జాగ్రత్తపడాలన్న నియమం ఎవరికివారు సాధన చేసుకునే మామూలు ట్రాక్ డేలో నిలుస్తుంది. రేసులో, మొదటి ల్యాప్‌లో, అంతమంది ఒకేచోట ఉన్నప్పుడు ఎవరికీ ఆ సమయం ఉండదు.

కానీ ట్రాక్ మీద ప్రమాదాన్ని ఎవరో ఒకరు లెక్కలోకి తీసుకున్నారు. బయట ఖాళీ స్థలం వదిలారు, ప్రతి మలుపులో మార్షల్ ఉన్నాడు, అంబులెన్సు ఇంజను ఆన్‌లో ఉంది, ఎదురుగా ఎవరూ రారు. రోడ్డు మీద అవేమీ లేవు. 2021 సెప్టెంబరులో హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారినప్పుడు అందరూ ముందు వేగం గురించే మాట్లాడారు. కానీ రోడ్డు మీద ఇసుక ఉందని పోలీసులే చెప్పారు. ఆయన తలకు హెల్మెట్ ఉంది కాబట్టి మనకు దక్కాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. రాత్రిపూట హైటెక్ సిటీ రోడ్ల మీద రేసులు పెట్టుకునే కుర్రాళ్ళను పోలీసులు పట్టుకున్నారన్న వార్త చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. వాళ్ళ కోరిక నాకు అర్థమవుతుంది. వాళ్ళు ఎంచుకున్న చోటు మాత్రం ఏ లెక్కలోనూ క్షమించరానిది, ఎందుకంటే అక్కడ పందెంలో పెట్టేది రోడ్డు దాటుతున్న వేరేవాళ్ళ ప్రాణాలను కూడా.

ట్రాక్ అలవాటైనవాళ్ళలో ఎక్కువమంది రోడ్డు మీద నెమ్మదిస్తారు. నా స్నేహితులందరిలోనూ చూశాను. శ్రీశైలం ఘాట్‌లో ఒకప్పుడు సరదాగా అనిపించిన మలుపు ఇప్పుడు నాకు ఒక ప్రశ్నలా కనబడుతుంది. అవతల ఏముందో కనబడదు, బస్సు అడ్డంగా రావచ్చు, కోతులు ఉండొచ్చు, కంకర పోసి ఉండొచ్చు. కనబడినంత దూరంలో ఆగగలిగిన వేగమే అక్కడ వేగం. ట్రాక్ మీద ఒకే మలుపును ఒక పూటంతా పదే పదే తిరిగి, దాని ప్రతి అంగుళం తెలుసుకున్నాక, తెలియని మలుపును ఎంత గౌరవంగా చూడాలో దానంతట అదే తెలుస్తుంది.

మీ ఇంట్లో స్పోర్ట్స్ బైకు కావాలని అడుగుతున్న కొడుకో కూతురో ఉంటే, వద్దని కసిరి ఊరుకోకండి. మీరు వద్దంటే స్నేహితుడి బండి ఎక్కుతారు. అలాగని ఇంటర్ పాసైనందుకు బహుమతిగా తాళం చేతిలో పెట్టకండి. బండి కొనే డబ్బులో కొంత ముందే పక్కన పెట్టి మంచి హెల్మెట్టు, గ్లవ్స్, చీలమండలు కప్పే బూట్లు కొనండి. చెన్నైలోనో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనో శిక్షణ తరగతులు జరిగినప్పుడు పంపండి, వీలైతే మీరూ వెంట వెళ్ళి చూడండి. బండి తాళం ఆ తర్వాతే ఇవ్వండి. ఇక మీరే రోజూ బండి మీద ఆఫీసుకు వెళ్ళేవారైతే ట్రాక్ దాకా పోనక్కర్లేదు. ఈ ఆదివారం పొద్దున్నే ఊరి చివర ఖాళీగా ఉన్న తారు చోటు ఒకటి చూసుకుని, 30 కిలోమీటర్ల వేగంలో, బండి నిటారుగా ఉంచి, ముందు బ్రేకును రెండు వేళ్ళతో పిండటం మొదలుపెట్టండి.